చేతికిచ్చిన డబ్బీ

తెల్లవారేలోగా ఉమ్మక్క చేయాల్సిన పనులు ఇవి. ఐసుపెట్టె కడిగి బోర్లించాలి. మూత బిగుతుగా పట్టే డబ్బీలు ఏరుకుని, వదులువి పక్కన పడేయాలి. నిన్న తలుపు తీయని ఇళ్ళేవో ఒకసారి మనసులో అనుకోవాలి. కాపలా పని నుంచి అన్న వచ్చేసరికి స్నానానికి నీళ్ళు కాగాలి. తన కంచం, తన గ్లాసు తోముకుని తన గూట్లో పెట్టుకోవాలి. వదిన దగ్గు వినాలి. విననట్టు ఉండాలి.

చివరి రెండూ ఆమెకు ఎవరూ పురమాయించిన పనులు కావు. కొన్ని నెలలుగా వాటంతట అవే వచ్చి మిగతా పనుల్లో కలిసిపోయాయి.

స్నానాలగదిలో కొళాయి విప్పిన చప్పుడైంది. బకెట్టు నిండింది, పొర్లింది, నీళ్ళు తూములోకి పారుతూనే ఉన్నాయి. వదిన చెంబెడు నీళ్ళు వృథా అయితే వీధంతా వినపడేలా గొణిగే మనిషి. అలాంటిది ఈమధ్య రోజూ పొద్దున్నే కొళాయి కట్టడం మరిచిపోతోంది. ఆ నీళ్ళ చప్పుడు వెనక దగ్గు ఉంటుంది. మొదట పొడిగా, తర్వాత తడిగా, చివరకు రంపంతో పచ్చికట్టెను కోస్తున్నట్టు.

ఉమ్మక్క డబ్బీల మూతలు ఒక్కొక్కటే బిగిస్తూ కూర్చుంది. ఆమె ఎత్తరి మనిషి. ఐసుపెట్టె పట్టీ ఎప్పుడూ ఒకే భుజాన వేసుకోవడం వల్ల ఆ భుజం కొంచెం జారిపోయింది. మెడ కింద ఎడమవైపు చిన్న గుంట ఉంది. అది పెట్టె వల్ల వచ్చింది కాదు, పాత జబ్బు తిన్న చోటు. ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు మాత్రమే తెలుసు. ఊళ్ళో రెండు వారాలు దాటి దగ్గుతున్న వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, డబ్బీ ఇచ్చి, అందులో కఫం పట్టించి ఛాతీ ఆసుపత్రికి చేర్చడం ఆమె ఉద్యోగం. ఉమ్మి అడిగే అక్క కాబట్టి పిల్లలు ఉమ్మక్క అన్నారు. పిల్లల నోట పడ్డ పేరు పెద్దల నోట నిలిచిపోయింది. మొదట్లో బాధపడింది గానీ, ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూడదు.

వదిన బయటికి వచ్చింది. జుట్టు బిగించి ముడి వేసుకుంది. ఉతికి మడత పెట్టిన చీర, మడత గీతలు కూడా చెదరకుండా. తువ్వాలు ఒక కొసను లోపలికి మడిచి పిడికిట్లో పట్టుకుంది. చెంపల్లో ఎముకలు తేలాయి. వదిన శుభ్రం ఆ వీధిలో సామెత. "మీ వదిన సబ్బును కూడా సబ్బుతో కడుగుతుంది" అని అన్న నవ్వుతూ అనేవాడు. ఈమధ్య అనడం మానేశాడు.

"రాత్రి నిద్ర పట్టలేదా వదినా?"

"నువ్వు పట్టనిస్తేగా. ఆ గురకేమిటే తల్లీ, లారీ ఘాటీ ఎక్కుతున్నట్టు!"

ఉమ్మక్క గురక పెట్టదు. అయినా, "ఇవాళ్టి నుంచి పక్కకు తిరిగి పడుకుంటాలే" అంది. తర్వాత కాస్త ఆగి, "నాతో ఒకసారి ఆసుపత్రికి రాకూడదూ? ఎక్స్‌రే తీయించుకుందాం" అంది.

"పోయిన నెలేగా చూశారు. ఏమీ లేదన్నారుగా. మీ మైక్రోస్కోపుకు కళ్ళు లేవా ఏం?"

"మళ్ళీ ఒకసారి..."

"అమ్మాయ్!" వదిన గొంతు తగ్గింది. కోపం వచ్చినప్పుడు ఆమె గొంతు పెరగదు, తగ్గుతుంది. "నీ రోగం నాకు అంటగట్టకు."

అని టీ గ్లాసు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది. ఉమ్మక్క వెళ్ళి గట్టు మీద నుంచి తీసుకుంది. ఆ ఇంట్లో ఏ వస్తువైనా వదిన దగ్గరి నుంచి ఉమ్మక్కకు అలాగే చేరుతుంది. గట్టు మీద నుంచి.

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. ఈ ఆడపడుచుకు పావు హోదా కూడా దక్కలేదు. పెళ్ళయిన ఏడాదికే దగ్గు పట్టుకుంది. "బాగయ్యాక పంపండి" అని అత్తవారు పుట్టింటికి తెచ్చి దింపారు. బాగైంది. పంపుతామని వీళ్ళూ అనలేదు, తీసుకుపోతామని వాళ్ళూ రాలేదు. మందులిచ్చిన ఆసుపత్రిలోనే ఊడ్చే పనికి చేరింది, తర్వాత డబ్బీల పని ఇచ్చారు. మధ్యలో అమ్మా నాన్నా పోయారు. జీవితం అంతే, చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు.

ఒక్కటి ఉంది. అది ఆ ఇంట్లో ఎవరూ చెప్పుకోరు.

ఆమె జబ్బుతో వచ్చిన కొత్తలో, ఆ జబ్బు పేరేమిటో ఇంకా తెలియని రోజుల్లో, అన్నా వదినలకు ఒక పాప ఉండేది. అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది. ఎత్తుకెళ్ళి ఎక్కడ కూర్చోబెట్టినా గోడ వెంబడే నడుచుకుంటూ మేనత్త మంచం దగ్గరికి వచ్చేది. మేనత్త ముక్కు పట్టుకుని నవ్వేది. కొన్నాళ్ళకు పాపకు జ్వరం వచ్చింది, మెడ బిగుసుకుంది. జ్వరం మెదడుకెక్కిందన్నారు. దేనివల్ల అని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. చెప్పే తీరిక డాక్టరుకు లేదు. పాప పోయిన మర్నాటి నుంచి ఉమ్మక్క కంచం వేరు, గ్లాసు వేరు, గూడు వేరు అయ్యాయి. మళ్ళీ పిల్లలు కలగలేదు.

జబ్బు నయమైందని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. ఆ తర్వాత కూడా ఏడాదికోసారి తన కఫం తానే పరీక్షకు ఇచ్చుకునేది. ఏమీ లేదని వచ్చిన చీటీని గట్టు మీద పెట్టేది. వదిన దాన్ని చూసేది కాదు. ఉమ్మక్క కూడా, "ఇంకా ఎన్నాళ్ళు వదినా?" అని ఒక్కరోజూ అడగలేదు. ఆ కంచం తన శిక్ష అనుకుంటే ముద్ద దిగేది.

అన్న వచ్చాడు. గోదాము తాళాలు మేకుకు తగిలించి, "మీ వదిన ఎలా ఉంది?" అని చెల్లెలిని అడిగాడు. భార్య పక్కగదిలోనే ఉంది.

"నువ్వే అడుగు."

"నేనడిగితే నా మొహం బాగాలేదంటుంది" అని, నీళ్ళ బకెట్టు అందుకున్నాడు.

*

ఇంటింటి సర్వేకు ఇవాళే ఆఖరు. ఈ ఊళ్ళో క్షయ ఎంతమందికి ఉందో తేల్చమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. మూడు నెలలుగా వార్డుల వారీగా తిరుగుతున్నారు. ఇక మిగిలింది మిల్లు వెనక సందే.

సందు మొదట్లో వడ్రంగి ఇల్లు. పొట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పెట్టెను చూడగానే లేచాడు.

"రా ఉమ్మక్కా రా! లోకంలో అందరూ మన జేబులోది అడుగుతారు. నువ్వొక్కదానివే గుండెలోది అడుగుతావు."

"మరి ఇస్తావా, మాటలతో సరిపెడతావా?"

"నీకు లేదంటానా!" అని డబ్బీ పట్టుకుని దొడ్లోకి వెళ్ళి, వీధి చివరి కుక్క కూడా లేచి మొరిగేలా దగ్గాడు. మొగవాళ్ళతో ఆమెకు ఎప్పుడూ చిక్కు లేదు.

నాలుగిళ్ళ అవతల ఒక కొత్త కోడలు. నిన్న ఇచ్చిన డబ్బీని ఇవాళ కొంగుచాటున పట్టుకొచ్చింది. ఉమ్మక్క వెలుగుకెత్తి చూసింది. తేటగా ఉంది, పైన నాలుగు బుడగలు.

"ఇది కాదమ్మా."

వెనక నుంచి అత్తగారు వచ్చింది. "అదేమిటమ్మా, నోరు పుక్కిలించి మరీ శుభ్రంగా ఇచ్చిందిగా. ఇంకెట్లా ఇవ్వాలి?"

"శుభ్రంగా ఉంది కనకే వద్దంటున్నా పిన్నిగారూ. నాకు చెత్త కావాలి. లోపల అడుగున ఉంటుంది చూడండి, అది."

కోడలి చెవులు ఎర్రబడ్డాయి. ఉమ్మక్క అత్తగారి వైపు తిరిగి, "కాస్త మంచినీళ్ళిస్తారా? చల్లగా కుండలోవి" అంది. ఆవిడ లోపలికి వెళ్ళగానే కోడలిని గోడ చాటుకు తీసుకెళ్ళింది. "నా వైపు చూడకు. నేనూ నిన్ను చూడను. గుండె నిండా గాలి పీల్చు. వదులు. మళ్ళీ పీల్చు. ఇప్పుడు బొడ్డు దగ్గర నుంచి దగ్గు. సిగ్గుపడకు, నేను ఇంతకంటే అసహ్యమైనవి మోశాను, నావే."

ఆ అమ్మాయి నవ్వింది. నవ్వులోంచే దగ్గు వచ్చింది. దగ్గులోంచి ఆకుపచ్చని ముద్ద ఒకటి డబ్బీలో పడింది. ఉమ్మక్క బంగారం అందుకున్నట్టు అందుకుంది.

ఊళ్ళో ఆడవాళ్ళందరి దగ్గరా ఇదే తంటా. పరాయి మనిషి చేతికి మురికి ఎలా ఇస్తాం అనుకుంటారు. ఇంటికొచ్చిన వాళ్ళకు గ్లాసు తుడిచి నీళ్ళిచ్చినట్టు, నోరు కడుక్కుని తేట ఉమ్మి ఇస్తారు. మర్యాద అది. అలాంటి డబ్బీలను ఆమె ప్రతి గుమ్మంలోనూ తిప్పి ఇస్తుంది. ఒక్క గుమ్మంలో తిప్పి ఇవ్వలేకపోయింది.

పోయిన నెల తమ వీధి వంతు వచ్చినప్పుడు, అన్న బతిమాలగా బతిమాలగా వదిన సరేనంది. తెల్లవారుజామున తలుపు వేసుకుని చాలాసేపు ఉంది. బయటికొచ్చి, గట్టు వైపు వెళ్ళలేదు. తిన్నగా ఉమ్మక్క దగ్గరికి నడిచి వచ్చి, ఆమె అరచేతిలో డబ్బీ పెట్టింది. వదిన వేళ్ళు తగిలాయి. వెచ్చగా, బొమికలుగా ఉన్నాయి. పాప పోయిన తర్వాత ఆ వేళ్ళు తనకు తగలడం అదే మొదలు. డబ్బీ అంతా పన్నీరులా తేటగా ఉంది. ఇది కాదు వదినా అనాలి. మూత బిగించి పెట్టెలో పెట్టుకుంది.

"లేదు" అని వచ్చింది. వదిన ఆ చీటీని మాత్రం రెండుసార్లు చదివింది.

*

ల్యాబులో పనిచేసే కుర్రాడిని ఆమె తమ్ముడూ అంటుంది. అతను పెట్టె తెరిచి ఒక్కో డబ్బీ వెలుగుకెత్తాడు. "పర్లేదక్కా, ఇవాళ అన్నీ సరుకే."

పక్కన డాక్టరమ్మ లెక్కలు చూసుకుంటోంది. చిన్న వయసు, ఈ ఊరికి కొత్త. "చూశారా, మన ఊళ్ళో ఆడవాళ్ళకు చాలా తక్కువే ఉంది. మొగవాళ్ళలో సగం కూడా లేదు" అంది సంతోషంగా.

"ఉండకేం మేడమ్" అన్నాడు అతను, కళ్ళు మైక్రోస్కోపు నుంచి తీయకుండా. "నాకొచ్చిన ఆడవాళ్ళ డబ్బీల్లో చాలావాటిలో ఎంగిలే ఉంది. ఎంగిలిలో ఏం కనబడుతుంది? ఉమ్మక్క తెచ్చినవి కాదులెండి, మిగతా వార్డులవి. ఈవిడైతే తిప్పి పంపేస్తుంది."

డాక్టరమ్మ ఆమె వైపు మెచ్చుకోలుగా చూసింది. ఆ చూపు భరించడం ఉమ్మక్క వల్ల కాలేదు.

"తమ్ముడూ, ఇంకొక డబ్బీ తెస్తే ఇవాళే చూస్తావా?"

"సర్వే మూసేశాం కదక్కా."

"సర్వేకు కాదు. మా ఇంటికి."

అతను తలెత్తి ఆమె మొహం చూశాడు. "తీసుకురా. ఉంటాను" అన్నాడు.

ఆ రోజు ఆమె మధ్యాహ్నం భోజనానికి కూర్చోలేదు. ఇంటిదారి పట్టింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పనివేళ ఇంటికి పోవడం అదే మొదటిసారి.

అన్న ముందుగదిలో ముసుగుతన్ని నిద్రపోతున్నాడు. వదిన కిటికీ దగ్గర చాప మీద కూర్చుని, దర్జీ ఇచ్చిన జాకెట్లకు హుక్కులు కుడుతోంది. రోజుకు ఎన్నో కుట్టే మనిషి ముందు ఇవాళ ఒక్క జాకెట్టే ఉంది. నుదుటి మీద చెమట.

"ఏమ్మాయ్, ఉద్యోగం ఊడిందా?"

ఉమ్మక్క ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చుంది. దారిపొడుగునా ఎన్నో మాటలు కూర్చుకుంది గానీ ఇక్కడికొచ్చేసరికి ఒక్కటే మిగిలింది.

"పోయిన నెల నువ్విచ్చింది కఫం కాదు వదినా. ఉత్త ఎంగిలి. నాకు అప్పుడే తెలుసు."

వదిన చేయి ఆగింది.

"తెలిసే పట్టుకెళ్ళావా?"

"ఊ."

"ఎవరైనా అలా ఇస్తే మొహాన కొట్టినట్టు తిప్పి ఇస్తావటగా. ఊరంతా చెప్పుకుంటారు."

"ఊ."

"మరి నాకెందుకివ్వలేదు?"

ఉమ్మక్క చాప అంచు పీచులు లాగింది. "చేతికిచ్చావని."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. వదిన జాకెట్టును మడిచింది. మళ్ళీ విప్పి, అంచులు సరిచేసి ఇంకోసారి మడిచింది. "పిచ్చిదానా!" అంది. ఆ మాట ఎవరిని అందో తెలియదు. గోడ ఆసరాగా లేచి, "ఏదీ, డబ్బీ ఇలా పడెయ్" అంది.

దొడ్లోకి వెళ్ళింది. ఈసారి కొళాయి విప్పలేదు. ఆ దగ్గు ఇల్లంతా వినిపించింది, పక్కింటికీ వినిపించి ఉంటుంది. నిద్రపోతున్న అన్న ముసుగు తీసి లేచి కూర్చున్నాడు. భార్య నుంచి అంత గట్టి చప్పుడు అతనెప్పుడూ వినలేదు.

ఉమ్మక్క లేచి ఎదురు వెళ్ళింది. చేయి చాపింది. వదిన ఆ చేతిని చూసి పక్కకు తప్పుకుంది. తడబడుతూ వంటింట్లోకి నడిచి, డబ్బీని గట్టు మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది.

"ముట్టుకోకు అప్పుడే. గుడ్డతో పట్టుకో. మూత నేనే గట్టిగా బిగించాను." ఊపిరి అందుకుని మళ్ళీ అంది, "నీకు అంటుకుంటుందే అమ్మాయ్. ఒకసారి పడ్డ దానివి."

డబ్బీలో సగం పైగా ఎరుపు.

ఉమ్మక్క దాన్ని చూస్తుండగానే వదిన గోడకు జారగిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు నిండిపోయింది. అన్న పరుగెత్తుకొచ్చి, "ఏమైందే, ఏమైందే" అంటూ ఆమె చుట్టూ తిరిగాడు తప్ప ఏం చేయాలో తోచలేదు. "ఆటో!" అని ఉమ్మక్క అరిచింది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పెద్దగా రావడం కూడా అదే మొదలు.

ఆటోలో వదిన మొహం వీధి వైపు తిప్పుకుని కూర్చుంది, తన ఊపిరి పక్కనున్న మనిషికి తగలకుండా. ఉమ్మక్క ఆమె తల పట్టుకుని తన జారిపోయిన భుజం మీదికి లాక్కుంది. వదిన తోసింది. ఇంకోసారి తోసింది. తర్వాత తోసే ఓపిక లేక ఆనుకుంది. అన్న ముందు కూర్చుని, డ్రైవరుకు రోడ్డు చూపిస్తూ ఏడుస్తున్నాడు. డ్రైవరుకు రోడ్డు తెలుసు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరుగున వచ్చింది. ఉమ్మక్క గుడ్డలో చుట్టి తెచ్చిన డబ్బీని ల్యాబు అతను పట్టుకెళ్ళాడు. ఆక్సిజన్ పెట్టారు, సూదులు వేశారు. చేయాల్సినవన్నీ చేశారు, అందులో ఎవరిదీ లోపం లేదు. రెండు ఊపిరితిత్తులూ ఎప్పుడో తినేసిందని, ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేమని, బజారులోనో బస్సులోనో ఎక్కడైనా అంటుకోవచ్చని డాక్టరమ్మ అంది. "ఒక్క నెల ముందు తెలిసున్నా మందులకు లొంగేది" అని కూడా అంది. తెలియక అన్నది, నిష్ఠూరం కాదు.

వదిన ఒకసారి కళ్ళు తెరిచింది. మూతి మీది మాస్కును వేలితో కొంచెం ఎత్తింది.

"ఇల్లు అలాగే వదిలేసి వచ్చాం" అంది. "గట్టు మీద మరకైంది. వేడినీళ్ళతో కడుగు. ఉత్త చేతులతో కడగకు."

"అలాగే వదినా."

"అన్నకు పెట్టి నువ్వు తిను. చాటున కూర్చుని తినకు."

పొద్దు వాలుతుండగా పోయింది. సూదిలోంచి దారం జారితే ఎంత చప్పుడవుతుందో అంతే. అన్న ఆమె పాదాల దగ్గర కూర్చుని ఉన్నాడు. అతనికి కాసేపటి దాకా తెలియలేదు.

ల్యాబు అతను గుమ్మంలోకి వచ్చాడు. "అక్కా, ఉంది. బోలెడంత..." అని, మంచం చూసి ఆగిపోయాడు. చేతిలో చీటీ ఎవరికివ్వాలో తెలియక మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెనకే డాక్టరమ్మ వచ్చి, "మీ వీధి లెక్క పోయిన నెలే పైకి పంపేశారట" అంది మెల్లగా. "దాన్ని ఇక దిద్దడం కుదరదట."

ఉమ్మక్క తల ఊపింది.

ఆ ఊరి లెక్క ఇప్పుడు తయారై ఉంది. ఎండలో వానలో తిరిగి, కష్టపడి చేసిన లెక్కే. తప్పని అనడానికి ఇదంతా చెప్పలేదు. ఎప్పుడైనా అది మీ కంటపడితే, "లేదు" అన్న వరుసలో ఒక శుభ్రమైన మనిషి ఉందని గుర్తుంచుకోండి. మురికి ఇంకొకరి చేతిలో పెట్టడం ఆమెకు చేతకాలేదు. వీలైతే ఆ వదినను ఒక్కసారి తలుచుకోండి.

అన్న సంతకాలు పెట్టడానికి వెళ్ళాడు. సామాన్లేమైనా ఉంటే తీసుకోండమ్మా అని నర్సు చెప్పింది. తెచ్చిందేముందని ఉమ్మక్క వంగి చూసింది. మంచం కింద, ఆటో ఎక్కే తొందరలో వదిన కాలికి ఏది తగిలితే అది తొడుక్కొచ్చిన రబ్బరు చెప్పులు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి పట్టీ కూడా మాయని తెల్లది, వదినది. రెండోది ఊరంతా తిరిగి మడమ దగ్గర అరిగిపోయిన నీలంది, తనది.